అమెరికాలో స్పానిష్ మాట్లాడే పెద్దలకు మెదడు పరీక్షలు: స్కోరు ఎవరితో పోల్చాలి?

సుధ_హ్యూస్టన్ | శనివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. నేనిక్కడ ఒక క్లినిక్‌లో సైకోమెట్రిస్ట్‌ని. న్యూరోసైకాలజిస్ట్ ఏ పరీక్షలు పెట్టమంటే అవి పెట్టించి, స్కోర్లు లెక్కగట్టి ఇవ్వడం నా పని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా స్పానిష్ మాట్లాడేవాళ్లే. స్పానిష్ బాగా వచ్చిన సహోద్యోగి పరీక్ష పెడుతుంది, స్కోరింగ్ నాది.

ఒక కేసు చెప్తాను, ఆనవాళ్లు తెలియకుండా వివరాలు మార్చాను. 63 ఏళ్ల మనిషి. మెక్సికోలో పల్లెటూరు, మూడో తరగతితో చదువు ఆగిపోయింది. ఇక్కడికొచ్చి ఇళ్ల పైకప్పులు వేసే పని చేసుకుంటూ బతికాడు. నిచ్చెన మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. భార్య "మనిషి మునుపటిలా లేడు, చిల్లర లెక్క కూడా తప్పుతున్నాడు" అంటోంది. ఇన్సూరెన్స్ వాళ్లకి రిపోర్టు కావాలి.

చిక్కేమిటంటే, మాటల జాబితా చదివి వినిపించి తిరిగి చెప్పమనే పరీక్షలో ఆయనకి వచ్చిన మార్కుని ఒక పట్టికలో చూస్తే "తీవ్రమైన లోపం". ఇంకో పట్టికలో చూస్తే మామూలే. మార్కు అదే, మనిషి అదే.

ఇంకోటి. కాగితం మీద వలయాల్లో 1, 2, 3 అని అంకెలుంటాయి, వరసగా గీతతో కలుపుకుపోవాలి. "వీలైనంత త్వరగా" అని స్పానిష్‌లో స్పష్టంగానే చెప్పాం. ఆయన ప్రతి వలయం అంచు దగ్గరా పెన్సిల్ ఆపి, గీత వంకర పోయిందేమో చూసుకుని, అప్పుడు ముందుకు కదిలారు. ఒక్క తప్పు లేదు. టైము మాత్రం పట్టికలో అట్టడుగున పడింది.

ఈ పనిలో ఉన్నవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు ఏమంటారు?

కిరణ్_కోడర్ | శనివారం, ఉదయం 9:15

నాకు ఈ రంగం తెలియదు, కానీ అడుగుతాను. ఇంగ్లీషు పరీక్షని మంచి అనువాదకుడి చేత స్పానిష్‌లోకి మార్పిస్తే సరిపోదా? అదీ కాదంటే బొమ్మల పరీక్షలున్నాయి కదా. కంపెనీ ఇంటర్వ్యూలప్పుడు మేం అలాంటివి బోలెడు చేశాం. బొమ్మకి భాషేముంది?

మాధవి_న్యూరో | శనివారం, మధ్యాహ్నం 12:05

కిరణ్‌గారూ, "బొమ్మకి భాషేముంది" అన్న మాటకి వందేళ్లు దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం ఇంగ్లీషు రాని, చదువు రాని రంగరూట్ల కోసం ఆర్మీ బీటా అని బొమ్మల పరీక్ష తయారుచేసింది. బొమ్మలో ఏం లోపించిందో కనిపెట్టాలి. ఒక బొమ్మలో టెన్నిస్ కోర్టు ఉంటుంది, వల ఉండదు. ఇంకోదాంట్లో గ్రామఫోను, దానికి హారన్ ఉండదు. సిసిలీ పల్లెలో గొర్రెలు కాచుకుని ఓడెక్కి వచ్చినవాడు టెన్నిస్ వల ఎక్కడ చూస్తాడు? వాడికి సున్నా వేసి తెలివి తక్కువ అని రాసుకున్నారు.

రేవెన్ మాట్రిసెస్ లాంటి, గీతల ఆకారాల వరసలో లోపించిన ముక్క పట్టుకునే పరీక్షలు అంత మోటుగా ఉండవు, నిజమే. కానీ కాగితం మీద గీతల వరస చూసి "ఇందులో ఏదో సూత్రం ఉంది, అది నేను పట్టుకోవాలి" అనుకోవడం కూడా బడి నేర్పే అలవాటే. మోనికా రొసెల్లి, అల్ఫ్రెడో ఆర్డిలా 2003లో దీని మీదే ఒక వ్యాసం రాశారు: మాటల్లేని పరీక్షల మీద కూడా సంస్కృతి, చదువు ప్రభావం గట్టిగా ఉంటుందని. ఆర్డిలా కొలంబియా మనిషి, స్పానిష్ ప్రపంచంలో ఈ విషయం మీద జీవితమంతా పనిచేశారు. పరీక్ష గదిలో మనం మామూలే అనుకునే సంగతుల్ని ఆయన ఒక్కొక్కటిగా విప్పి చూపించారు. ముక్కూమొహం తెలియని మనిషితో ఒంటరిగా గదిలో కూర్చోవడం, అర్థం పర్థం లేని పని ఎందుకని అడక్కుండా చేయడం, త్వరగా చేస్తేనే బాగా చేసినట్టని నమ్మడం. సుధగారి పేషెంట్ పైకప్పుల మీద బతికిన మనిషి. అక్కడ తొందరపడితే కింద పడతారు. ఆయన గీత ఆపి చూసుకున్నాడంటే మెదడు మందగించిందనా, పనితనమనా? ఆ ఒక్క టైము చూసి నేను మాత్రం చెప్పలేను.

ఇక అనువాదం. అంకెలు చదివి తిరిగి చెప్పమనే పరీక్ష చూడండి, ఇంతకన్నా తేలిగ్గా అనువదించగలిగేది ఉండదు కదా. ఇంగ్లీషులో ఒకటి నుంచి తొమ్మిది దాకా "సెవెన్" తప్ప అన్నీ ఒకే విరుపులో పలికేవే. స్పానిష్‌లో దోస్, త్రేస్, సేయిస్ మూడే అలాంటివి, మిగతా ఆరూ రెండేసి విరుపులు. 1986లో నావె-బెంజమిన్, ఎయిర్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు, స్పానిష్, హీబ్రూ, అరబిక్ పోల్చి చూశారు. అంకెలు పలకడానికి ఎక్కువసేపు పట్టే భాషలో గుర్తుండే అంకెలు తగ్గాయి. మన ఎనిమిది, తొమ్మిదితో మనకీ అదే గతి. ఇంగ్లీషువాళ్ల కటాఫ్ స్పానిష్ మనిషికి పెడితే మొదటి అడుగులోనే నష్టం.

దీంట్లో ఇంకో ప్రమాదం ఉంది. పేషెంట్ జబ్బు నటిస్తున్నాడా అని పట్టుకోవడానికి ఇదే అంకెల పరీక్ష వాడతారు. స్కోరు ఏడో అంతకన్నా తక్కువో వస్తే అనుమానించమని ఒక వాడుక. చదువు తక్కువ, పైగా భాషలో అంకెలు పొడుగు. నిజాయితీగా చెప్పినవాడు కూడా నాటకాలరాయుడి ఖాతాలో పడిపోతాడు.

వేణు_స్టాట్స్ | శనివారం, మధ్యాహ్నం 1:30

మాధవిగారు చెప్పిన ఆఖరి పేరా ప్రింటు తీసి గోడకి అంటించుకోవాలి.

నేను పట్టికల సంగతి చెప్తాను, సుధగారి అసలు ప్రశ్న అదే కాబట్టి. మార్కుకి సొంతంగా అర్థం ఉండదు. "ఈ వయసు, ఈ చదువు ఉన్న ఆరోగ్యవంతులు ఇదే పరీక్షలో ఎంత తెచ్చుకున్నారు" అన్నదాంతో పోల్చాకే అర్థం వస్తుంది. వాళ్ల మార్కుల పట్టికే నార్మ్స్. కాబట్టి పట్టిక చేతికి రాగానే అందులో కూర్చున్నవాళ్లెవరో చూడండి.

దీనికి పాఠం లాంటి ఉదాహరణ ప్యూర్టోరికోది, అంటే అమెరికా కింద ఉన్న స్పానిష్ మాట్లాడే ద్వీపానిది. పెద్దల వెక్స్‌లర్ ఐక్యూ పరీక్షకి స్పానిష్ రూపం ఈఐడబ్ల్యూఏ 1968లో వచ్చింది. నార్మ్స్ ప్యూర్టోరికోలో తీశారు. ఆ నమూనాలో పల్లెవాళ్లు, చదువు తక్కువవాళ్లు ఎక్కువ. ఫలితంగా అమెరికాలో ఉండే మరో స్పానిష్ మనిషికి అది పెడితే ఐక్యూ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించేది. దాని తర్వాతి కూర్పు, ఈఐడబ్ల్యూఏ-3, వచ్చింది 2008లో. మధ్యలో నలభై ఏళ్లు! స్పానిష్‌లో ఉంది కదా అని మెక్సికో వాళ్లకీ, క్యూబా వాళ్లకీ అదే పెట్టేశారు.

ఎక్కువ చూపిస్తే మంచిదే కదా అనుకోకండి. నిజంగా మెదడు దెబ్బతిన్న మనిషి వికలాంగ భృతికి దరఖాస్తు పెట్టుకుంటే "నీ స్కోరు బాగానే ఉంది" అని తిప్పి పంపడానికి పనికొస్తుంది. తప్పుడు పట్టిక రెండు వైపులా కోస్తుంది.

ఇప్పుడు పరిస్థితి కాస్త మెరుగు. సుధగారికి పనికొచ్చేవి:

ఎన్‌పీ-నంబర్స్ అని ఒక ప్రాజెక్టు. అమెరికా-మెక్సికో సరిహద్దు ప్రాంతంలో స్పానిష్ మాతృభాషగా ఉన్న 254 మంది మీద, శాండియాగో, టూసాన్‌లలో చేసింది. 2021లో ఒక జర్నల్ ప్రత్యేక సంచికగా వచ్చింది. మీ పేషెంట్‌కి సరిగ్గా సరిపోయేదే, కానీ వయసు 19 నుంచి 60. ఆయనకి 63. అయ్యో అనిపించింది నాకు.

న్యూరోప్సీ అనే పరీక్షల సెట్టు. మెక్సికోలో ఫెగ్గీ ఓస్త్రోస్కీ బృందం చేసింది. దీన్లో చదువుని సున్నా, 1-4 ఏళ్లు, 5-9, పది పైన అని విడగొట్టారు. అక్షరం రానివాళ్లకి వేరే పట్టిక ఉంది. వయసు 85 దాకా. మూడో తరగతి మనిషికి నేనైతే ముందు దీన్ని చూస్తాను.

అరాంగో-లాస్ప్రిల్లా నాయకత్వంలో 11 లాటిన్ దేశాల నార్మ్స్, 2015. దాదాపు 4 వేల మంది, ఏ దేశానికి ఆ దేశం విడివిడిగా. ఒక మెలిక: నమూనాలో చేరాలంటే ఎంఎంఎస్ఈ అనే చిన్న పరీక్షలో 30కి కనీసం 23 రావాలి. చదువు లేనివాళ్లు ఆరోగ్యంగా ఉన్నా ఆ గడప దగ్గరే ఆగిపోతారు. అంటే పట్టికలో మిగిలిన తక్కువ చదువువాళ్లు వాళ్లలో కాస్త చురుకైనవాళ్లన్నమాట.

రాజ్యలక్ష్మి_ఇంటర్‌ప్రెటర్ | శనివారం, సాయంత్రం 5:50

న్యూజెర్సీలో పదేళ్లకి పైగా ఆసుపత్రుల్లో స్పానిష్ ఇంటర్‌ప్రెటర్‌గా ఉన్నాను. తెలుగమ్మాయి స్పానిష్ ఏమిటని అందరూ అడుగుతారు, ఆ కథ ఇంకోసారి.

"స్పానిష్" అని ఒకే గాటన కట్టేయడం దగ్గరే తంటా మొదలవుతుంది. బొమ్మ చూపించి పేరు చెప్పమంటారు. గాలిపటం బొమ్మ అనుకోండి. మెక్సికో ఆవిడ పపలోతె అంటుంది, కొలంబియా ఆయన కొమెతా, గ్వాటెమాలా ఆయన బారిలెతె, ప్యూర్టోరికో పెద్దావిడ చిరింగా. జవాబు పత్రంలో ఒక్కటే రాసి ఉంటే మిగతా ముగ్గురికీ మార్కు పోతుంది. గ్వాగ్వా అంటే ప్యూర్టోరికోలో బస్సు, చిలీలో చంటిపిల్ల.

రెండోది, మమ్మల్ని పరీక్షల్లో వాడడం. డాక్టర్ గారు ఇంగ్లీషులో మాటల జాబితా చదువుతారు, నేను స్పానిష్‌లో చెప్పాలి. సెకనుకో మాట చొప్పున చదవాలని ఆయన పుస్తకంలో ఉంటుంది, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. పేషెంట్ తడబడితే ఇంటర్‌ప్రెటర్‌కి జాలేసి ఇంకోసారి, ఇంకాస్త నెమ్మదిగా చెప్పేయడం చాలాసార్లు చూశాను. ఆ స్కోరుని ఏ పట్టికలో పెడతారు?

అన్నిటికన్నా అన్యాయం ఇంకొకటుంది. గ్వాటెమాలా నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి మామ్, కిచె లాంటి మాయా భాషలే మాతృభాష. మెక్సికోలో ఒహాకా వైపు నుంచి వచ్చేవాళ్లకి మిస్తెక్, సపోతెక్. స్పానిష్ బజారు భాషగా వస్తుంది. ఫారంలో మాత్రం "భాష: స్పానిష్" అని టిక్కు పెట్టేస్తారు. సుధగారూ, మీ పేషెంట్ ఇంట్లో వాళ్లమ్మ ఏ భాష మాట్లాడేదో అడిగారా?

సుధ_హ్యూస్టన్ | శనివారం, సాయంత్రం 6:10

అడిగాం అండీ, మా ఫారంలో ఆ ప్రశ్న ఉంది. ఇంట్లో స్పానిష్ ఒక్కటే. కానీ మీరన్నది నిజం, చాలా క్లినిక్‌లు అడగవు.

కిరణ్_కోడర్ | శనివారం, రాత్రి 8:20

సరే, అనువాదం చాలదని ఒప్పుకున్నాను. కానీ వేణుగారి దారిలో పోతే ఒక ఇబ్బంది కనిపిస్తోంది. చదువు తక్కువవాడిని చదువు తక్కువవాళ్లతోనే పోలిస్తే ఎవరైనా మామూలుగానే కనబడతారు. రేపు ఆ మనిషి మళ్లీ పైకప్పు ఎక్కాలి, వ్యాన్ నడపాలి. రోడ్డు ఎవరి నార్మ్స్ చూడదు కదా?

వేణు_స్టాట్స్ | శనివారం, రాత్రి 9:00

మంచి ప్రశ్న. అవి రెండు వేరు వేరు ప్రశ్నలు, జనం కలిపేస్తారు.

"దెబ్బ తగలక ముందుకన్నా ఇప్పుడు తగ్గాడా?" అంటే తనలాంటి వాళ్లతో పోల్చాలి. "వ్యాన్ నడపగలడా?" అంటే వ్యాన్ నడిపించి చూడాలి, చదువు సవరణ అక్కడ అక్కర్లేదు. ఒకే స్కోరుతో రెంటికీ జవాబు చెప్పబోతేనే గొడవ.

ఇక దేన్నిబట్టి సవరించాలన్నది ఇంకా పెద్ద గొడవ. అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సంగతి గుర్తుందా? తలకు దెబ్బలు తిన్న మాజీ ఆటగాళ్లకి పరిహారం ఇచ్చే ఒప్పందంలో, నల్లజాతి ఆటగాళ్ల స్కోర్లని వేరే పట్టికతో పోల్చేవారు. వాళ్లు మొదటినుంచీ తక్కువ స్థాయిలో ఉన్నారనే లెక్క. దాంతో దెబ్బతిన్నట్టు రుజువు చేసుకోవడం వాళ్లకి కష్టమైంది. ఇద్దరు మాజీ ఆటగాళ్లు 2020లో కోర్టుకెళ్లారు, 2021లో లీగ్ ఆ పద్ధతి ఆపేస్తామని ఒప్పుకుంది.

అందుకే "హిస్పానిక్" (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలవాళ్లు) అనే చీటీ చూసి మార్కులు కలపడం నాకు అస్సలు ఇష్టం లేదు. మెక్సికో సిటీలో డాక్టరు చదివినావిడా, మూడో తరగతి కూలీ ఒకే చీటీ కింద ఎలా వస్తారు? ఎన్నేళ్లు చదివారు, ఎలాంటి బడిలో చదివారు, ఏ భాషలో ఆలోచిస్తారు అన్నది చూడాలి. మెక్సికోలో తొమ్మిదో తరగతి దాకా చదువు తప్పనిసరి అయ్యింది 1993లో. ఈ పేషెంట్ వయసువాళ్లకి మూడో తరగతితో ఆగిపోవడం తెలివికి సంబంధించిన సంగతి కాదు, ఊళ్లో నాలుగో తరగతి లేకపోవడం కావచ్చు.

ప్రసాద్_అడ్వకేట్ | ఆదివారం, ఉదయం 7:30

ఈ సవరణలు ప్రాణం మీదికి కూడా తెస్తాయి. 2002లో ఆట్కిన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు మేధో వైకల్యం ఉన్నవాళ్లకి మరణశిక్ష వేయకూడదంది. అప్పట్నుంచి ఐక్యూ 70 అన్న అంకె చుట్టూ యుద్ధాలు. ఒకే గీత గీసి దాటితే ఉరి అనడం కుదరదు, పరీక్షలో ఉండే తప్పు పరిధిని కూడా చూడాలని 2014లో హాల్ కేసులో చెప్పారు.

ఇక్కడ ప్రాసిక్యూషన్ తరఫు నిపుణులు కొందరు ఒక ఎత్తు వేశారు. ముద్దాయి నల్లజాతివాడో, హిస్పానికో అయితే "వీళ్లకి పరీక్ష అన్యాయం చేస్తుంది కాబట్టి అసలు ఐక్యూ ఇంకా ఎక్కువే ఉంటుంది" అని పాయింట్లు కలిపారు! న్యాయం పేరు చెప్పి 70 కింద ఉన్నవాడిని 70 దాటించడం. కాలిఫోర్నియా 2020లో ఏబీ 2512 అనే చట్టం తెచ్చి, మరణశిక్ష కేసుల్లో జాతిని బట్టి స్కోరు మార్చడాన్ని నిషేధించింది. వేణుగారు చీటీ గురించి అన్నమాట కోర్టులో ఇలా పరిణమిస్తుంది.

అనూరాధ_డాలస్ | ఆదివారం, ఉదయం 10:45

టాపిక్ కొంచెం పక్కకి పోతుందేమో, క్షమించాలి. మా అత్తగారికి 74, తెలుగు తప్ప ఏమీ రాదు, ఐదో తరగతి చదివారు. మతిమరుపు అని ఇక్కడ ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఫోన్‌లో హిందీ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టారు. ఆవిడ మొహం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పది నిమిషాల్లో 30కి 14 అని రాసి డిమెన్షియా అన్నారు. ఇదంతా చదివాక టెన్షన్ పట్టుకుంది. మనవాళ్లకి ఏమైనా ఉందా?

మాధవి_న్యూరో | ఆదివారం, మధ్యాహ్నం 1:10

అనూరాధగారూ, తెలియని భాషలో వచ్చిన ఆ 14ని పక్కన పెట్టేయండి. అలాగని జబ్బు లేదనీ అనుకోకండి. మళ్లీ చూపించాలి.

మనకి స్పానిష్ వాళ్లంత లేకపోయినా ఉన్నాయి. ఐసీఎంఆర్ వాళ్ల న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్ (జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల సెట్టు) ఐదు భాషల్లో ఉంది, అందులో తెలుగు ఒకటి. చదువుకున్నవాళ్లకీ, చదువు రానివాళ్లకీ వేరువేరుగా చేశారు. సువర్ణ అల్లాడిగారు హైదరాబాద్ నిమ్స్‌లో ఉన్నప్పుడు వాళ్ల బృందం చాలాకాలం తెలుగులో ఈ పని చేసింది. రెండు భాషలు వచ్చినవాళ్లలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనబడుతోందని 2013లో 648 మంది పేషెంట్ల మీద చెప్పింది వాళ్లే. మీ అత్తగారు ఇండియా వచ్చినప్పుడు తెలుగులో పరీక్ష చేయించండి. ఈలోగా మీరొకటి చేయొచ్చు: ఏడాది కిందట తనంతట తాను చేసుకుని ఇప్పుడు చేయలేకపోతున్న పనులు రాసి పెట్టండి. మందులు వేసుకోవడం, స్టవ్ ఆపడం, చీటీ డబ్బుల లెక్క. ఏ డాక్టర్‌కైనా అది పనికొస్తుంది.

మోకా అనే పరీక్ష పెట్టారేమో కూడా అడగండి. అది కూడా 30కే. చదువు 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ అయితే ఒక్క మార్కు కలుపుతారు. ఐదో తరగతికీ ఒకటే, ఇంటర్‌కీ ఒకటే. ఆ ఒక్క మార్కుతో ఏడేళ్ల బడి తేడా పూడుతుందా!

సుధగారూ, అంకెలూ అక్షరాలూ మార్చి మార్చి కలిపే రెండో కాగితం కూడా పెట్టారా? మీ పేషెంట్ సి తర్వాత ఏం చెప్పాడు?

సుధ_హ్యూస్టన్ | ఆదివారం, సాయంత్రం 4:25

పెట్టాం. సి తర్వాత ఆగి, కాగితమంతా వెతికి, "చె లేదే" అన్నారట!

మాధవి_న్యూరో | ఆదివారం, సాయంత్రం 4:40

అనుకున్నాను. స్పానిష్‌లో చె, ఎల్యె విడి అక్షరాలుగా ఉండేవి. నిఘంటువుల వరసలోంచి 1994లో తీసేశారు, అక్షరమాలలోంచి పూర్తిగా 2010లో. ఆయన బడికెళ్లిన రోజుల్లో సి తర్వాత చెనే. ఆ వెతుకులాట టైము ఆయన తప్పు కాదు. అక్షరాలకి బదులు రంగులతో చేసే కలర్ ట్రెయిల్స్ ఇలాంటి ఇబ్బందుల కోసమే వచ్చింది, అది పెట్టి చూడమనండి.

వేణు_స్టాట్స్ | ఆదివారం, సాయంత్రం 5:15

దెబ్బకి ముందు స్థాయి అంచనా ఎలా వేస్తున్నారు? ఇంగ్లీషులో అయితే స్పెల్లింగుకీ ఉచ్చారణకీ పొంతన లేని మాటలు చదివిస్తారు. స్పానిష్‌లో, తెలుగులో రాసింది రాసినట్టే చదువుతాం కాబట్టి ఆ పప్పులుడకవు.

మాధవి_న్యూరో | ఆదివారం, సాయంత్రం 5:30

స్పెయిన్‌వాళ్లు దానికి తెలివైన ఉపాయం కనిపెట్టారు. అరుదైన మాటల మీద, ఎక్కడ నొక్కి పలకాలో చూపే గుర్తులు తీసేసి చదివిస్తారు. మాట ముందే తెలిసినవాడే సరైన చోట నొక్కి పలుకుతాడు. కానీ మూడో తరగతితో ఆపేసినవాళ్లకి అదీ అంతంతమాత్రం. ఈయన విషయంలో పాత యజమానిని, భార్యని అడగడమే మేలు. సామాను లెక్క ఎవరు కట్టేవారు, కొలతలు ఎవరు తీసేవారు?

సుధ_హ్యూస్టన్ | సోమవారం, రాత్రి 7:50

ఇవాళ డాక్టర్‌గారితో కూర్చున్నాను. భార్యని పిలిచి అడిగాం. ఎన్ని కట్టల షింగిల్స్ (పైకప్పు మీద పరిచే పలకలు) కావాలో ఆయన కింద నిలబడి పైకప్పు చూసి నోటితో చెప్పేసేవాడట, యజమాని కాగితం మీద కట్టినదానికి ఒకటో రెండో కట్టలు తేడా. ఇప్పుడు ఇంటి వెనక షెడ్డుకి కూడా చెప్పలేకపోతున్నాడు. ఏ స్కోరుకన్నా ఇదే ఎక్కువ చెప్పిందని డాక్టర్‌గారే అన్నారు.

రిపోర్టులో మొత్తం ఐక్యూ ఇవ్వడం లేదు. న్యూరోప్సీ పెడుతున్నాం, కలర్ ట్రెయిల్స్ కూడా. మాటల జాబితాకి రెండు పట్టికల ఫలితమూ ఇచ్చి, దేన్ని ఎందుకు నమ్మామో రాస్తారు. ప్రసాద్‌గారూ, అవతలి లాయర్ రెండు అంకెలు చూస్తే ఆడుకుంటాడా?

ప్రసాద్_అడ్వకేట్ | సోమవారం, రాత్రి 9:05

ఆడుకుంటాడు, అందుకే దాచకండి. పరీక్ష ఏ భాషలో పెట్టారు, పెట్టినవాళ్లకి ఆ భాష ఏపాటి వచ్చు, ఏ దేశపు నార్మ్స్, ఏ సంవత్సరం, పేషెంట్ వయసూ చదువూ ఆ పట్టికలో ఉన్నాయా లేవా. ఇవి మొదటి పేజీలోనే ఉండాలి. 60 దాటినవాడికి 60 దాకా ఉన్న పట్టిక వాడితే ఆ మాట మీరే ముందు రాయండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్ బయటపెడితే డాక్టర్‌గారి మిగతా పేజీలు ఎవరూ చదవరు. షింగిల్స్ సంగతి భార్య మాటల్లోనే, కొటేషన్ గుర్తులతో పెట్టండి. పాత యజమాని దగ్గర బిల్లు పుస్తకం ఉంటే ఇంకా మంచిది.

రాజ్యలక్ష్మి_ఇంటర్‌ప్రెటర్ | సోమవారం, రాత్రి 9:20

భార్య స్పానిష్‌లో అన్నమాటే ముందు పెట్టి, కింద ఇంగ్లీషు ఇవ్వండి. అనువాదం ఎవరు చేశారో కూడా.